పెట్టె మనది, తాళం వాళ్లదా?

ఇంట్లో నెట్ అందించే రౌటర్ పెట్టెలు చేసే కంపెనీలు, నెట్ మీద ఫోన్ కాల్స్ నడిపే స్టార్టప్‌లు ‘వ్యూహాత్మక భాగస్వామ్యం’ పేరుతో చేతులు కలపడం పాఠకులకు తెలిసిన సంగతే. కలవనీయండి, వ్యాపారం వాళ్లిష్టం. కానీ మనం డబ్బు పోసి కొన్న పెట్టెలో ఒక్క కంపెనీ కాల్సే సాఫీగా వెళ్లేలా తాళం వేస్తామంటే మాత్రం ఊరుకోకూడదు. ఇవాళ ఒకరికి ఒప్పుకుంటే రేపు అందరికీ అదే ఆనవాయితీ అవుతుంది.

కడపలో, రాజంపేటలో, రాయచోటిలో ఈ గొడవ మనకెందుకు అనేవాళ్లుంటే ఒకసారి తమ వీధిలోకే చూడాలి. కువైట్‌లో మనిషి లేని వీధి ఈ ప్రాంతంలో వెతికితే గానీ దొరకదు. అక్కడ డ్యూటీ దిగి రాత్రి పదింటికి కాల్ చేస్తే ఇక్కడ పన్నెండున్నర. తల్లి నిద్ర ఆపుకుని కూర్చుంటుంది, పిల్లలు వీడియోలో నాన్న ముఖం చూశాకే పడుకుంటారు. ఒకప్పుడు ఐఎస్‌డీ బూత్‌లో మీటర్ చూసుకుంటూ భయం భయంగా మాట్లాడిన కుటుంబాలు ఇప్పుడు వాట్సాప్‌లోనో ఇమోలోనో తీరిగ్గా మాట్లాడుకుంటున్నాయి. దుబాయ్‌లో ఉన్నవాళ్లది వేరే బాధ. అక్కడ ఏళ్లుగా వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది గానీ కాల్ పోదు, అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లనే పట్టుకోవాలి. మనవాళ్లతో ఎందులో మాట్లాడాలో ఇంకెవరో నిర్ణయిస్తే ఎలా ఉంటుందో ఆ ఇళ్లవాళ్లను అడగండి.

నెట్‌లో మాట చిన్న చిన్న ప్యాకెట్లుగా వెళ్తుంది. ఇటునుంచి అటు చేరడానికి 150 మిల్లీసెకన్ల లోపు పడితే ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ప్రమాణం, అది బాగా దాటిందంటే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఒకేసారి ఆగిపోవడం మొదలవుతుంది. కాబట్టి ఇంట్లో పిల్లాడు సినిమా డౌన్‌లోడ్ పెట్టినా సరే, రౌటర్ మాటల ప్యాకెట్లను ముందు పంపిస్తే అందరికీ మంచిదే. ఆ దారి అన్ని కాల్స్‌కూ ఇవ్వాలి. ఒప్పందం చేసుకున్న కంపెనీకే ఇస్తే మిగతావి ముక్కలు ముక్కలుగా వినిపిస్తాయి. పెట్టె లోపల ఏం జరుగుతోందో మనకు కనపడదు కదా, ‘ఈ యాప్ బాగాలేదు’ అనుకుని ఆ కంపెనీ వైపే పోతాం.

కొత్త స్టార్టప్‌లకు పరికరాల కంపెనీల అండ కావాలని, అప్పుడే కాల్ నాణ్యత పెరిగి ధర తగ్గుతుందని ఈ ఒప్పందాలు చేసుకునేవాళ్లు చెబుతున్నారు. కొంత నిజమే. అయితే ఆ అండకు తాళం ఎందుకు?

అమెరికాలో ఇదంతా ఎప్పుడో జరిగింది. అప్పటికే సిస్కో చేతిలో ఉన్న రౌటర్ కంపెనీ లింక్‌సిస్, మామూలు ఫోన్‌ను నెట్‌కు కలిపే తన అడాప్టర్లను వోనేజ్ అనే నెట్ కాలింగ్ కంపెనీకి మాత్రమే పనిచేసేలా లాక్ చేసి అమ్మింది. అదే వోనేజ్ కాల్స్‌ను మాడిసన్ రివర్ అనే చిన్న టెలిఫోన్ కంపెనీ అడ్డుకుంటే 2005లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ జోక్యం చేసుకుని ఆ కంపెనీతో 15,000 డాలర్లు కట్టించింది. అంటే వోనేజ్ లెక్కలో తన కాల్స్‌కు ఎవరైనా అడ్డుపడితే అన్యాయం, తన పెట్టెలో ఇతరుల కాల్స్‌కు చోటు లేకపోతే అది భాగస్వామ్యం! 2007 జులైలో సన్‌రాకెట్ అనే కాలింగ్ కంపెనీ ఉన్నట్టుండి మూతపడితే రెండు లక్షల మందికి పైగా వినియోగదారులు గాల్లో మిగిలారు. రౌటర్లు చేసే నెట్‌గేర్ 2006లో స్కైప్ కోసమే వైఫై ఫోను తెచ్చింది, ఆ స్కైప్ కూడా 2025 మేలో మూతపడింది. కంపెనీలు పోతూనే ఉంటాయి, పెట్టె కొన్నవాడి డబ్బు మాత్రం తిరిగి రాదు.

మన దేశంలో మాత్రం జనం గట్టిగానే నిలబడ్డారు. 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ నెట్ కాల్స్‌కు విడిగా ఛార్జీ వేస్తామని ప్రకటించి, విమర్శలు రావడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఆ తర్వాత టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. ఒక్కో వెబ్‌సైటుకు ఒక్కో రేటు కుదరదని 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తేల్చేసింది, 2018లో కేంద్రం నెట్ న్యూట్రాలిటీకి, అంటే నెట్‌లో అన్నిటినీ సమానంగా చూడాలన్న సూత్రానికి ఒప్పుకుంది. అయితే ఆ నిబంధనలన్నీ లైసెన్సు ఉన్న సర్వీస్ ప్రొవైడర్లకే. పెట్టె తయారుచేసే కంపెనీ మీద వాటికి అధికారం లేదు. ముందు గుమ్మంలో ఆపిన వివక్షే దొడ్డిదారిన ఇంట్లోకి వస్తోందని మేం అంటున్నది ఇందుకే. మొక్కగా ఉన్నప్పుడు వంచకపోతే మానయ్యాక ఎవరి వల్లా కాదు.

టీవీ, నెట్, ఫోన్ మూడూ కలిపి నెలకు రూ.149కే ఇస్తామంటూ 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌తో ఫైబర్‌నెట్‌ను ప్రారంభింపజేసింది మన రాష్ట్రమే. నెట్ మీద ఫోన్ పల్లెలకు కొత్త కాదు. రేపు వచ్చే పెట్టెలో ఏ ఒప్పందం దాగి ఉందో ఇంటివాళ్లకు చెప్పేదెవరు? టీవీ పక్కన రౌటర్ బిగించే కేబుల్ కుర్రాణ్ని అడిగితే ‘అది కంపెనీ వాళ్లదన్నా, మాకు తెలీదు’ అంటాడు, పాపం అతనికి నిజంగానే తెలీదు. ఏ కంపెనీతో ఒప్పందం ఉందో డబ్బా మీదే తెలుగులో ముద్రించాలి. కొన్నవాడు అడిగిన రోజున పైసా తీసుకోకుండా లాక్ తీసివ్వాలి. అలా లేని పెట్టెను మార్కెట్‌లోకే రానివ్వకూడదు. టెలికాం శాఖ తలచుకుంటే పెద్ద పనేమీ కాదు.

ఎన్నికలప్పుడు గల్ఫ్ కుటుంబాల ఓట్ల కోసం ఇంటింటికీ తిరిగిన మన ఎంపీలకు ఇది పట్టదా? ఆ ఇళ్లలో అర్ధరాత్రి మోగే ఫోను ఎవరి చేతిలోకి పోతోందో పార్లమెంటులో అడగడానికి ఇంకెవరి అనుమతి కోసం చూస్తున్నారు?