రంగు ఫొటో తర్వాత, ముందు కోత ఫొటో పంపు బాబాయ్

విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయికి స్పేర్ పార్టుల గోడౌన్ ఉంది. కిందటేడు ఫ్లోరుకి ఎపాక్సీ, అంటే పోశాక గట్టిపడే నున్నటి రంగు పూత, వేయించాడు. డబ్బులో సగం నాది కాబట్టి వాట్సాప్‌లో వీడియో చూసి మురిసిపోవడంలోనూ సగం నాదే. ట్యూబ్‌లైట్లు నేలలో కనపడుతున్నాయి. నాలుగు నెలలకి గీతలు తేలాయి, స్కేలు పెట్టి గీసినట్టు, పదిహేనేసి అడుగులకి ఒకటి. "స్లాబు పగిలిందిరా" అన్నాడు.

పగలాల్సిన చోటే పగిలింది. కాంక్రీటు ఆరేకొద్దీ కుంచించుకుంటుంది. ఎక్కడపడితే అక్కడ పగలకుండా మందంలో సుమారు నాలుగో వంతు లోతున కట్టర్‌తో ముందే కోత పెడతారు. ఆరంగుళాల స్లాబుకి అంగుళన్నర. పగులు ఆ కోత అడుగున దాక్కుంటుంది. మా కాంట్రాక్టరు అందులో గోడలకి పెట్టే లప్పం కూరి, పైన రంగు పోశాడు. ఆ కోతలే గీతలై పైకి తేలాయి.

అతన్ని తిట్టడం తేలిక. తప్పు ముందు మనదంటాను నేను. ఇక్కడ మనముండే చోట మన గరాజుకైతే పదిమందిని అడుగుతాం. ఊరికి డబ్బు పంపేటప్పుడు మాత్రం అడుగు రేటెంత, ఏ రంగు, అంతే. ఈ కోతలు, అంటే జాయింట్లు, నింపే పని ఎస్టిమేట్‌లో విడిగా రాయించకపోతే అది జరగదు.

కోతలోని దుమ్మంతా బ్లేడుతో తోడి, వాక్యూమ్‌తో లాగాలి. మరీ రాయిలా బిగుసుకోని ఎపాక్సీ లేదా పాలీయూరియా ఫిల్లర్‌ని అడుగుదాకా పోసి, కాస్త ఉబ్బుగా వదిలి, గట్టిపడ్డాక నేలకి సమంగా చెక్కేయాలి. అప్పుడే ట్రాలీ చక్రాలకి అంచులు విరగవు. గోడల పక్కన, స్తంభాల చుట్టూ ఉండే జాయింట్లు వేరు, అవి కదలాలి. వాటికి సాగే సీలెంట్ పెట్టాలి, వాటి మీదుగా రంగు లాగకూడదు. కొత్త స్లాబయితే 28 రోజులు కాగానే తొందరపడొద్దు, కుంచించుకోవడం నెలల తరబడి సాగుతుంది. ముహూర్తం పెట్టేశామంటే కాంక్రీటు వినదు. ఇక మే నెల బెజవాడ ఎండలో కలిపిన ఎపాక్సీ బకెట్లోనే వేడెక్కి గడ్డకడుతుంది, తెల్లవారుజామునే మొదలుపెట్టించాలి. ఇంత చేసినా సన్నటి గీత కనపడొచ్చు. కనపడనీ.

ఈసారి బాబాయి పంపిన మొదటి ఫొటోలో రంగు లేదు. ఖాళీ కోతలో నిలబెట్టిన స్టీలు స్కేలుంది. ముప్పావు అంగుళమే దిగింది, అడుగున ఇంకా పాత లప్పం. మళ్ళీ తవ్వించమన్నాను.