ఆ ఊరి కార్లు చూసి నవ్వకండి

మొన్న ఆదివారం మా ఇంటి వాట్సాప్ గ్రూపులో మా బావ ఒక పాత వీడియో పెట్టాడు. మీలో చాలామంది చూసే ఉంటారు. ఒక పల్లెటూరి రోడ్డు. కార్లు మోసుకొచ్చే లారీలు వరసగా వస్తుంటాయి, వాటి మీద తళతళలాడే కొత్త కార్లు. జనం రోడ్డుకి అటూ ఇటూ నిలబడి ఫోన్లలో తీసుకుంటుంటారు. "భూములమ్మి ఊరంతా కార్లు కొన్నారు, ఇప్పుడు తిండికి లేదు" అని కింద రాసి ఉంది. ఆ కింద వరసగా నవ్వు బొమ్మలు. మా పిన్ని కొడుకు "డబ్బుంటే చాలదు, బుర్ర కూడా ఉండాలి" అన్నాడు. ఆ మాట దగ్గర నాకు మనసు చివుక్కుమంది. గ్రూపులోనే జవాబు రాద్దామని మొదలుపెట్టాను. పెద్దదవుతోందని ఇక్కడ రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

ఆ ఊరి పేరు సుమూర్‌గెనెంగ్. ఇండోనేషియాలో, తూర్పు జావాలో, తుబాన్ జిల్లా జెను మండలంలో ఉంది. సురబయా నగరం నుంచి పడమరగా వంద కిలోమీటర్ల దూరం, జావా ఉత్తర తీరం. తుబాన్ ఒకప్పుడు పేరున్న రేవు. 1293లో మంగోలు సైన్యం జావా మీదకి వచ్చినప్పుడు తుబాన్ దగ్గరే ఒడ్డుకి దిగింది. మనకి బాగా తెలిసిన చెట్టు ఒకటి అక్కడ ఎక్కడ చూసినా కనిపిస్తుంది, తాటిచెట్టు. వెదురు గొట్టాలు కట్టి కల్లు దించుతారు. దాన్ని తువాక్ అంటారు. పులవని తియ్యటి నీరా లెగెన్. ముంజలు సివాలన్. రోడ్డు పక్కన ముంజలమ్మే జిల్లా అది. మనవాళ్ళెవరైనా అక్కడ బస్సు దిగితే వేసవిలో సొంతూరు వచ్చినట్టే అనుకుంటారు.

అదే తుబాన్‌లో ఇప్పుడు పెద్ద సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, పెట్రోకెమికల్ ప్లాంటు ఉంది, జెను మండలంలోనే బొగ్గుతో నడిచే కరెంటు ప్లాంటు ఉంది. వీటి మధ్య మొక్కజొన్న, మిర్చి, వేరుశనగ, వరి పండించుకునే ఊళ్ళు. సుమూర్‌గెనెంగ్ వాటిలో ఒకటి. సుమారు 840 కుటుంబాలు.

అక్కడికి రిఫైనరీ వచ్చింది. వచ్చిందని అనకూడదు, వస్తానంది. ఇండోనేషియా ప్రభుత్వ చమురు సంస్థ పెర్తమీనా, రష్యా సంస్థ రోస్‌నెఫ్ట్ కలిసి 2017లో ఉమ్మడి కంపెనీ పెట్టాయి. పెర్తమీనాకి 55 శాతం, రోస్‌నెఫ్ట్‌కి 45 శాతం. రోజుకి 3 లక్షల బ్యారెళ్ళ ముడి చమురు శుద్ధి చేసే రిఫైనరీ కడతామన్నారు. దానికి సుమూర్‌గెనెంగ్, వాడుంగ్, కలియుంతు లాంటి ఊళ్ళ భూములు కావాలన్నారు.

వీడియో చూసి నవ్వేవాళ్ళకి తెలియని సంగతి ఇక్కడ ఉంది. ఆ రైతులు డబ్బు చూడగానే ఎగబడి అమ్ముకోలేదు. వద్దన్నారు. ఊరేగింపులు చేశారు, సర్వేకి వచ్చినవాళ్ళని అడ్డుకున్నారు, కోర్టుకెక్కారు. రిఫైనరీకి స్థలం ఖరారు చేస్తూ తూర్పు జావా గవర్నరు ఇచ్చిన ఉత్తర్వు మీద 2019లో సురబయా పరిపాలనా కోర్టులో కేసు గెలిచారు కూడా. ఒక మొక్కజొన్న రైతు గవర్నరు మీద కేసు గెలవడమంటే ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. తర్వాత సుప్రీంకోర్టులో ఆ తీర్పు తిరగబడింది. ఇక 2012 నాటి భూసేకరణ చట్టం ఉండనే ఉంది. ప్రజా ప్రయోజనమని ఒకసారి తేల్చాక, నువ్వు ధర ఒప్పుకోకపోతే ఆ డబ్బు తీసుకెళ్ళి కోర్టులో జమ చేస్తారు. అంతే, భూమి నీది కాదు. నువ్వు సంతకం పెట్టినా పెట్టకపోయినా. దాన్ని వాళ్ళ భాషలో కొన్సిన్యాసి అంటారు. ఇలాంటి పరిస్థితిలో అమ్మినవాణ్ణి "ఆశపడి అమ్ముకున్నాడు" అనడానికి నోరెలా వస్తుంది?

ధర తక్కువేమీ కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. చదరపు మీటరుకి 6 లక్షల నుంచి 8 లక్షల రుపయా, రుపయా అంటే ఇండోనేషియా డబ్బు. మన లెక్కలో ఎకరం కోటిన్నర రూపాయలు అటూ ఇటూ. భూములు పోయిన 225 మందికి సగటున 800 కోట్ల రుపయా, అంటే మన 4 కోట్ల రూపాయలు వచ్చాయని ఆ ఊరి పెద్ద విలేకర్లకి చెప్పాడు. 2021 ఫిబ్రవరిలో కొత్త కార్లు దిగాయి. మొత్తం 176 కార్లు కొన్నారన్న లెక్క కూడా ఆయన చెప్పిందే. ఒక్క రోజులో దేశమంతా ఆ ఊరికి "కంపుంగ్ మిలియార్దెర్" అని పేరు పెట్టేసింది. శ్రీమంతుల ఊరు అని. డ్రైవింగ్ రానివాళ్ళు కూడా కార్లు కొన్నారని టీవీల్లో అదేపనిగా చూపించారు.

కారు కొంటే తప్పేంటి? జీవితమంతా మోటార్‌సైకిల్ మీద పెళ్ళాంపిల్లల్ని ఎక్కించుకుని వానలో తిరిగినవాడు చేతికి డబ్బొస్తే కారు కొనుక్కోడా? మనం నగరంలో నెల జీతం మీద ఏడేళ్ళ ఈఎంఐ పెట్టి కొంటే దాన్ని ఎదగడం అంటారు. వాడు రొక్కం పెట్టి కొంటే పిచ్చి అంటారు. పైగా ఆ డబ్బుతో చాలామంది వేరేచోట భూములు కొన్నారు, ఇళ్ళు కట్టుకున్నారు. ఆ మాట కూడా ఆ వార్తల్లోనే ఉంది. కొన్న పొలాన్ని లారీ మీద ఎక్కించుకుని రావడం కుదరదు కదా, అందుకే వీడియోలో అది లేదు.

నాకు అసలు బాధ కలిగించింది ఆ తర్వాతి ఏడాది వార్త. 2022 జనవరి 24న సుమూర్‌గెనెంగ్, వాడుంగ్, చుట్టుపక్కల ఊళ్ళు కలిపి ఆరు ఊళ్ళ జనం రిఫైనరీ స్థలం దగ్గర ధర్నా చేశారు. ఉద్యోగాలు ఇస్తామన్నారు, ఏవి? అని. వాళ్ళు అడిగింది ఇంజనీరు ఉద్యోగాలు కూడా కాదు. సెక్యూరిటీ గార్డు పనులైనా ముందు మా ఊళ్ళవాళ్ళకి ఇవ్వండి అన్నారు. తమ పొలానికి తామే కాపలా ఉంటామని అడుక్కోవడం అది. ఆ ధర్నాకి వచ్చిన ఒక ముసలాయన, ఇల్లు గడవడానికి పశువులు అమ్ముకుంటున్నానని చెప్పాడు. ఆరు ఆవులుండేవి, మూడు అమ్మేశాడు, మూడు మిగిలాయి. వాడుంగ్ ఊరి ఆవిడ ఒకామె, పొలం దగ్గరికి పదేపదే వచ్చి అడిగారని, పిల్లలకి ఉద్యోగాలిస్తామంటే నమ్మానని, మొక్కజొన్న, మిర్చి వేసి కోతకి 4 కోట్ల రుపయా కళ్ళజూసేదాన్నని చెప్పింది. మన డబ్బులో 2 లక్షల పైమాట. ప్రతి కోతకీ. అది ఆగిపోయింది.

రిఫైనరీ సంగతా? అదే ఏడాది ఫిబ్రవరిలో రష్యా యుక్రెయిన్ మీద యుద్ధానికి దిగింది. ఆంక్షలొచ్చాయి. రష్యా భాగస్వామి ఉన్న ప్రాజెక్టుకి అప్పులు పుట్టడం కష్టమైంది. తుది పెట్టుబడి నిర్ణయం వాయిదాల మీద వాయిదాలు పడుతూ వచ్చింది. ఎక్కడో యూరప్‌లో యుద్ధం వస్తే, జావాలో మిరప చేను ఇచ్చేసినవాళ్ళ ఉద్యోగాల ఆశ పోయింది. దీన్ని ఏ రైతు ముందుగా ఊహించగలడు? బుర్ర ఉండాలన్నాడు మా తమ్ముడు. పెద్ద పెద్ద చదువులు చదివి ఆ ప్రాజెక్టు లెక్కలు వేసినవాళ్ళకే అందలేదు.

నాకీ విషయం ఎందుకింత పట్టింపో చెబుతాను. నేను ఏడో తరగతిలో ఉండగా మా తాతయ్య పొలం ఒక ఫ్యాక్టరీకి పోయింది. రెండెకరాల నలభై సెంట్లు. ఆ ఫ్యాక్టరీ పేరు ఇప్పుడు అనవసరం. మాకొచ్చిన డబ్బు సుమూర్‌గెనెంగ్ వాళ్ళ దానిలో వందో వంతు కూడా కాదు. అయినా ఇంట్లో ఒకేసారి అంత డబ్బు ఎప్పుడూ చూడలేదు. తాతయ్య బ్యాంకులో వేశాడు, అత్తకి పెళ్ళి చేశాడు, బాకీలు తీర్చాడు. కారు కొనలేదు. ఒక్క పైసా వృథా చెయ్యలేదు. అయినా ఆరేడేళ్ళలో డబ్బంతా అయిపోయింది.

ఆ రోజుల్లో మా నాన్నమ్మ పొద్దున్నే పొలానికి వెళ్ళేది. వచ్చేటప్పుడు ఒడిలో ఏదో ఒకటి ఉండేది. గట్టు మీద నాటిన కందికాయలు, చిక్కుళ్ళు, గోంగూర, వానాకాలమైతే పొన్నగంటి కూర. నెత్తి మీద గేదెకి పచ్చగడ్డి మోపు. చంకలో నాలుగు ఎండు కంపలు, పొయ్యిలోకి. మా ఇంట్లో కూర కొనడమనే మాటే ఉండేది కాదు. పొలం పోయిన మర్నాడు కూడా ఆవిడ అలవాటు కొద్దీ తెల్లారకుండానే లేచింది. చెంబు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, అరుగు మీద కూర్చుండిపోయింది. ఆ వారం మొదటిసారి మా అమ్మ సంతలో గోంగూర కట్ట కొంది. నాన్నమ్మ ఆ కట్ట చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. గడ్డి లేక గేదెని రెండు నెలల్లో అమ్మేశాం. తర్వాత పాల ప్యాకెట్టు.

నష్టపరిహారం లెక్క కట్టిన ఆఫీసరు చదరపు గజాలు కొలిచాడు. ఒడిలోని కందికాయలు కొలవలేదు, గడ్డి మోపు కొలవలేదు. పొలం ఉందన్న ధైర్యంతో కొట్టువాడిచ్చే అప్పు కొలవలేదు. అరవై ఏళ్ళ మనిషికి ఇంకో పదేళ్ళు పని ఇచ్చేది పొలం ఒక్కటే. ఏ ఫ్యాక్టరీ అరవై ఏళ్ళవాడిని పనిలో పెట్టుకుంటుంది? అది కూడా కొలవలేదు. ముసలాయన ఆవులు అమ్ముకుంటున్నాడన్న వార్త చదవగానే నాకు మా గేదె గుర్తొచ్చింది.

ఇండోనేషియాలో నష్టపరిహారాన్ని గంతి రుగి అంటారు. రుగి అంటే నష్టం. ఈ మధ్య అక్కడి నాయకులు, ఆఫీసర్లు ఆ మాట మార్చి గంతి ఉంతుంగ్ అంటున్నారు. ఉంతుంగ్ అంటే లాభం. మీకు నష్టానికి బదులు ఇవ్వడం లేదు, లాభమే ఇస్తున్నాం అని. నాకు ఆ మాట వింటేనే ఒళ్ళు మండుతుంది. ఒక ఇల్లు తరతరాలుగా తిన్న కంచం లాగేసుకుని, వెల ఎక్కువిచ్చాను కాబట్టి నీకు లాభమే అనడం ఏం న్యాయం?

ఇంకో లెక్క ఎవరూ తీయరు. ఊళ్ళో 840 కుటుంబాలు, డబ్బొచ్చింది 225 మందికి అన్నాను కదా. మిగతావాళ్ళ సంగతి? అందరి భూములూ రిఫైనరీ గీతలో పడలేదు, నిజమే. కానీ ఏ పల్లెలోనైనా సొంత భూమి లేకుండా ఇంకొకరి పొలంలో నాటు వేసి, కలుపు తీసి, కోత కోసి బతికేవాళ్ళుంటారు. జావాలో అలాంటివాళ్ళు చాలా ఎక్కువ. బురుహ్ తానీ అంటారు, వ్యవసాయ కూలీలని. పొలం అమ్ముడుపోయిన రోజున యజమాని చేతికి చెక్కు వస్తుంది. కూలీ చేతికి ఏమీ రాదు. అమ్మింది వాడు కాదు కాబట్టి పోగొట్టుకున్నవాళ్ళ జాబితాలో వాడి పేరు ఉండదు. మా ఊళ్ళో మా పొలంలో పనిచేసిన అప్పలమ్మత్తకి కూడా ఎవరూ ఏమీ ఇవ్వలేదు. మేమూ ఇవ్వలేదు. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

నేను ఫ్యాక్టరీలకి వ్యతిరేకిని కాదు. నా జీతమూ ఒక కంపెనీ ఇచ్చేదే. జావాలో కూడా పిల్లలందరూ మిరప చేలోనే ఉండాలని వాళ్ళ తల్లులే కోరుకోవడం లేదు. నేను అడిగేది చిన్నదే. ఉద్యోగం ఇస్తామని నోటితో చెప్పకండి, ఎంతమందికి, ఏ వయసు దాకా, ఏ పని, ఎప్పటినుంచి అని కాగితం మీద రాసి ఇవ్వండి. ఫ్యాక్టరీ కట్టడానికి డబ్బు ఖాయమయ్యాకే పొలం తీసుకోండి. అప్పటిదాకా ఆ రైతునే పంట వేసుకోనివ్వండి. ఒకేసారి మూట చేతిలో పెట్టి చేతులు దులుపుకోకుండా, భూమి ఏటా ఇచ్చినట్టే ఏటా కొంత వచ్చే ఏర్పాటు చెయ్యండి. ఆ పొలంలో పనిచేసిన కూలీల పేర్లు కూడా రాయండి.

నిన్న రాత్రి బావకి 2022 జనవరి ధర్నా వార్త పంపాను. చాలాసేపు రెండు నీలం టిక్కులే ఉన్నాయి, జవాబు లేదు. పొద్దున్న లేచి చూస్తే గ్రూపులో ఆ వీడియో తీసేశాడు. కాసేపటికి ఫోన్ చేసి, "మీ పొలం గట్టు మీద తాటిచెట్లు ఎన్నుండేవి?" అని అడిగాడు. చిన్నప్పుడు వేసవి సెలవులకి వచ్చినప్పుడు తాతయ్య ముంజలు కొట్టి ఇచ్చేవాడు వాడికి.

పదకొండు అని చెప్పాను.