సవరణ: ఎండిన ఎముకల సంగతి

పునరుత్థానం, అంటే చనిపోయినవాళ్లు మళ్లీ బతికి లేస్తారన్న నమ్మకం మీద మొన్న రాసిన పోస్టులో, బైబిల్లోని యెహెజ్కేలు 37వ అధ్యాయాన్ని హెబ్రీ లేఖనాల్లో (క్రైస్తవుల పాత నిబంధనలో) ఆ నమ్మకానికి తొలి రుజువుగా చూపించాను. అది తప్పు. లోయ నిండా ఎండిన ఎముకలు, వాటి మీదికి నరాలు, మాంసం, చర్మం, చివరికి ఊపిరి రావడం... దృశ్యం అంత బలంగా ఉండేసరికి 11వ వచనం దాకా నింపాదిగా చదవలేదు. ఆ ఎముకలు ఇశ్రాయేలీయులేనని అక్కడే ఉంది. బబులోనుకు బందీలుగా వెళ్లి ఆశ వదులుకున్న జనం మళ్లీ సొంత నేలకు చేరతారన్నదే దాని భావం.

చనిపోయినవాళ్లు లేస్తారని సందేహం లేకుండా చెప్పేది దానియేలు 12:2. ఆ భాగం క్రీ.పూ. 165 ప్రాంతంలో, యూదులను గ్రీకు రాజు అంతియొకస్ హింసించిన కాలంలో రాసిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. యెషయా 26:19 అంతకంటే పాతది కావచ్చు, కానీ దాన్నీ జాతి పునరుద్ధరణగానే చదివేవాళ్లున్నారు.

'శరీరముతో నేను దేవుని చూచెదను' అనే యోబు 19:26ను కూడా పునరుత్థానానికి రుజువుగా తీసుకుని తొందరపడ్డాను. మన తెలుగు బైబిల్లో 'శరీరముతో' అని ఉన్నచోట హెబ్రీలో ఉన్న 'మిన్' అనే చిన్న మాటకు 'నుండి' అనీ, 'లేకుండా' అనీ రెండర్థాలూ వస్తాయి; అంటే 'శరీరం లేకుండా' అని కూడా చదవొచ్చు. పైగా పడుకున్న మనిషి మళ్లీ లేవడని అదే యోబు 14:12లో అంటాడు.