తప్పంతా పిల్లలదే

చాలా రోజులుగా ఈ విషయం మీద తీవ్రంగా ఆలోచించి, అందరి వాదనలూ ఓపిగ్గా విని, చివరికి ఒక నిర్ణయానికి వచ్చాను. ఉద్యోగం చేసే తల్లిదండ్రులకు తమ వేళలకు సరిపోయే ఆయా దొరకడం లేదంటే అందులో ఆఫీసుల తప్పు లేదు. డేకేర్ల తప్పు లేదు. ప్రభుత్వాల తప్పు అసలే లేదు, వాళ్లు ఎప్పుడూ ఏదో ఒక కమిటీ వేస్తూనే ఉన్నారు. తప్పంతా పిల్లలదే. పుట్టేముందు ఒక్కడంటే ఒక్కడు మన షిఫ్ట్ టైమింగ్స్ కనుక్కుని పుట్టాడా?

లెక్క చూడండి. ఆఫీసు తొమ్మిది నుంచి ఆరు. డేకేర్ కూడా తొమ్మిది నుంచి ఆరు. అచ్చు గుద్దినట్టు కలిశాయి, ఇంకేం కావాలి అని అడుగుతారు ఆ వేళలు పెట్టినవాళ్లు, న్యాయంగానే. చిన్న ఇబ్బందల్లా ఏమిటంటే, తొమ్మిదింటికి డేకేర్ గుమ్మంలో పిల్లాణ్ణి అప్పగించే మనిషి తొమ్మిదింటికే ఆఫీసులో లాగిన్ అయి ఉండాలి, ఆరింటికి ఆఫీసు కుర్చీలోంచి లేచే మనిషి ఆరింటికే మళ్లీ ఆ గుమ్మంలో నిలబడి ఉండాలి. మధ్యలో రోడ్డు అనేది ఒకటుంటుందని, ఊళ్లో మిగతా జనం కూడా సరిగ్గా అదే సమయానికి ఆ రోడ్డు మీదే ఇళ్లకు పోతుంటారని ఎవరికీ తట్టినట్టు లేదు. ఒకేసారి రెండు చోట్ల కనిపించడం దేవుళ్లకి చెల్లింది గానీ, ఆ దేవుళ్లెవరూ నెల జీతానికి పనిచేసినట్టు ఏ పురాణంలోనూ లేదు.

మొదట్లో ఇలా ఉండేది కాదు లెండి. 1844లో పారిస్‌లో ఫిర్మిన్ మార్బో అనే ఆయన కూలి పనికి పోయే తల్లుల బిడ్డల కోసం క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం, తెరిచినప్పుడు, ముందు ఆ తల్లులు ఎప్పుడు పనికి పోతారో, ఎప్పుడు తిరిగొస్తారో చూసుకుని దాన్ని బట్టి వేళలు పెట్టాడు. పొద్దున్నే తెరిచేవాళ్లు, తల్లుల పని అయ్యేదాకా ఉంచేవాళ్లు, మధ్యలో తల్లులు వచ్చి పాలిచ్చి వెళ్లేవాళ్లు. పాపం, అనుభవం లేదు కాబట్టి అలా చేశాడు. ఆ తర్వాత మనం ఎంతో ముందుకు పోయాం. ఇప్పుడు ముందు డేకేర్ వేళలు బోర్డు మీద రాసేసి, తల్లుల్నే వాటికి తగ్గట్టు సర్దుకోమంటున్నాం.

సరే, డేకేర్ గొడవ వద్దు, ఇంటికొచ్చి చూసుకునే మనిషిని పెట్టుకుందాం అనుకుంటారు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అని పెద్దవాళ్లు వెటకారంగా అన్నారు గానీ, వాళ్లకి ఈ పరిస్థితి తెలియదు. ఇక్కడ వెతుకుతున్నది బిడ్డ కోసం కాదు, బిడ్డను చూసుకునే మనిషి కోసం. బిడ్డ చంకలో కాకపోతే ఇంకెక్కడ ఉంటుంది, దించడానికి చోటు లేకే కదా ఊరంతా తిరుగుతున్నది?

తెలిసినవాళ్లకి చెప్పి, తెలియనివాళ్లకి కూడా చెప్పి, చివరికి ఒకామెను ఇంటికి పిలుస్తారు. పేరుకి అది ఆమె ఇంటర్వ్యూ. జరిగేది మాత్రం ఇలా ఉంటుంది.

"పొద్దున్న ఎన్నింటికి రావాలి మేడం?"

"ఏడున్నరకి వస్తే చాలమ్మా."

"సాయంత్రం మీరు ఎన్నింటికొస్తారు?"

"ఆరున్నరకల్లా వచ్చేస్తాను."

"కచ్చితంగానా?"

"ఒక్కోసారి ఏడు కావచ్చు."

"ఒక్కోసారి అంటే ఎప్పుడు మేడం?"

"నెలాఖర్లో."

"మిగతా రోజుల్లో?"

"మిగతా రోజుల్లో ఏడున్నర."

ఈపాటికి ఎవరు ఎవరిని ఇంటర్వ్యూ చేస్తున్నారో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆమె మొహం చూస్తే మన దరఖాస్తు తిరస్కరించారని తెలిసిపోతుంది. మళ్లీ కబురు చేస్తాను అంటుంది, సరిగ్గా మనం ఉద్యోగాల కోసం తిరిగే రోజుల్లో కంపెనీల వాళ్లు అన్నట్టే.

ఈ వెతుకులాటలో ఇంకో విచిత్రం ఉంది, మన కోరికల జాబితా ఎలా కరిగిపోతుందో గమనించండి. మొదటి వారంలో ఆ వచ్చే మనిషికి ఓపిక ఉండాలి, పిల్లలతో ఆడాలి, కథలు చెప్పాలి, ఫోన్ ముట్టుకోకూడదు, అవసరమైతే ఫస్ట్ ఎయిడ్ తెలిసి ఉండాలి. రెండో వారానికి టైముకి వస్తే చాలు, కథలు మనమే చెప్పుకుందాం అనిపిస్తుంది. మూడో వారంలో వస్తే చాలు. ఆ తర్వాత ఎవరైనా ఫోన్ ఎత్తినా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అన్నీ కుదిరిన మనిషి లోకంలో లేకపోలేదు, ఉంది, కాకపోతే ఆమె ఇప్పటికే ఎవరింట్లోనో పనిచేస్తోంది, ఆ ఇంటివాళ్లు ఆమె ఫోన్ నంబర్ బ్యాంకు పాస్‌వర్డ్ కన్నా భద్రంగా దాచుకుంటున్నారు. వాళ్లని నేను తప్పుపట్టను.

ఆలస్యం సంగతికి వద్దాం. పికప్‌కి లేటైతే జరిమానా వేస్తే తల్లిదండ్రులకి బుద్ధొస్తుందని డేకేర్ వాళ్లకి ఒక నమ్మకం. యూరి నీజీ, ఆల్డో రుస్తికీనీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2000లో ఒక పరిశోధన ప్రచురించారు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో 10 డేకేర్‌లు తీసుకుని, వాటిలో 6 చోట్ల, 10 నిమిషాలకు మించి ఆలస్యమైతే చిన్న జరిమానా పెట్టారు. ఏమైందో తెలుసా? ఆలస్యంగా వచ్చేవాళ్లు దాదాపు రెట్టింపయ్యారు. అంతవరకూ టీచర్ మొహం చూడలేక పరుగెత్తుకొచ్చినవాళ్లు, ఓహో దీనికి రేటుందా అని తీరిగ్గా రావడం మొదలుపెట్టారు. తర్వాత జరిమానా ఎత్తేసినా వాళ్లు పాత అలవాటుకి తిరిగి రాలేదు, సిగ్గు ఒకసారి పోతే పోయినట్టే. ఈ పరిశోధన గురించి జనం మానవ స్వభావం, మార్కెట్ సూత్రాలు అంటూ బోలెడు చర్చించారు. నాకు మాత్రం ఒకటే అనిపిస్తుంది, ఆ తల్లిదండ్రులు అప్పుడే మొదటిసారి ఇంకో గంట డబ్బిచ్చి కొనుక్కోవచ్చని తెలుసుకున్నారు. అది అమ్మే కొట్టు కోసమే కదా వాళ్లు అంతకుముందు నుంచీ వెతుకుతున్నది.

ఇదంతా తొమ్మిది నుంచి ఆరు అనే అదృష్టవంతుల గోల. నర్సులు, డ్రైవర్లు, హోటళ్లలో పనిచేసేవాళ్లు, రాత్రిపూట వేరే దేశం వాళ్ల ఫోన్లు ఎత్తేవాళ్లు, వీళ్ల గురించి మాట్లాడితే డేకేర్ రిసెప్షన్‌లో వాళ్లు మనల్ని జాలిగా చూస్తారు. వచ్చే వారం డ్యూటీలు ఈ వారం చివర్లో గానీ చెప్పరు, డేకేర్ వాళ్లకేమో నెల ముందే రోజులూ గంటలూ రాసివ్వాలి. అందరూ నిద్రపోయేటప్పుడు పేషెంట్ పక్కన మెలకువగా ఉండే నర్సు ఇంట్లో, ఆ రాత్రి ఆమె బిడ్డ పక్కన ఎవరుంటారు అన్న ప్రశ్న రోస్టర్ వేసేవాళ్లకి ఎందుకు రాదో నాకు తెలియదు. బహుశా రోస్టర్‌లో ఆ కాలమ్ లేదేమో.

రాత్రిపూట పిల్లల్ని చూసుకునే కేంద్రం అసాధ్యమేమీ కాదు. 1943లో అమెరికాలో ఓరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌లో కైజర్ ఓడల కార్ఖానాల గేట్ల దగ్గరే రెండు కేంద్రాలు తెరిచారు. కార్ఖానా ఏ షిఫ్ట్‌లో నడిస్తే ఆ షిఫ్ట్‌లో అవీ నడిచేవి, పగలూ రాత్రీ. ఇంటికి పోయేటప్పుడు వేడి వేడి భోజనం ప్యాక్ చేయించుకుని పట్టుకుపోయే ఏర్పాటు కూడా ఉండేది, ఇంటికెళ్లి మళ్లీ పొయ్యి ముందు నిలబడక్కర్లేకుండా. వినడానికి ఏదో కలలా ఉంది కదూ. ఆడవాళ్లు వెల్డింగ్ చేయకపోతే ఓడలు తయారుకావు, ఓడలు లేకపోతే యుద్ధం గెలవరు, కాబట్టి ఎక్కడలేని తెలివీ వచ్చింది. 1945లో యుద్ధం అయిపోయింది, కేంద్రాలు మూసేశారు. దీన్ని బట్టి మన సమస్యకి పరిష్కారం దొరకాలంటే ఒక ప్రపంచ యుద్ధం చాలు. అంతకన్నా తక్కువ ఖర్చుతో అయ్యే మార్గం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

మన దేశంలో చట్టం ఉంది కదా అంటారు కొందరు. ఉంది. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో సవరణ తెచ్చినప్పటి నుంచీ 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు అక్కడికి వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. మంచిదే. 49 మంది ఉన్న ఆఫీసులో పుట్టే పిల్లలు మాత్రం ఇంకొకరు చేరేదాకా ఎదగకుండా ఆగాలి. తండ్రి ఎన్నిసార్లు వెళ్లి చూడొచ్చో ఆ వాక్యంలో లేదు. తండ్రికి ఆ సమయంలో మీటింగ్ ఉంటుందని చట్టానికి కూడా తెలిసినట్టుంది.

తండ్రుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, డేకేర్ ఫారంలో మొదటి ఫోన్ నంబర్ నాన్నది రాసి, రెండోది అమ్మది రాసి చూడండి. పిల్లాడికి ఒళ్లు వెచ్చబడగానే ఫోన్ ఎవరికొస్తుందో చూడండి. ఆ నాన్న అదే రోజు సాయంత్రం ఆరింటికి వెళ్లి పిల్లాణ్ణి తీసుకొస్తే, చూడు ఎంత హెల్ప్ చేస్తున్నాడో అని నలుగురూ మెచ్చుకుంటారు. సొంత బిడ్డను ఇంటికి తెచ్చుకోవడం హెల్ప్ ఎలా అయిందో ఎవరూ అడగరు, అడిగితే ఆ మాత్రం హెల్ప్ కూడా పోతుందని భయం.

జ్వరం గురించి ఎక్కువ చెప్పను, పిల్లలున్నవాళ్లకి తెలుసు, లేనివాళ్లు నమ్మరు. ముఖ్యమైన ప్రెజెంటేషన్ ఉన్న రోజే వస్తుంది. ఆ రోజు డేకేర్ రానివ్వదు, ఆయాకి కూడా అదే జ్వరం అంటుకుని ఉంటుంది, సిక్ లీవ్ ఏమో మనకి జబ్బు చేస్తేనే ఇస్తారు. ఇక్కడే నేను పిల్లల క్రమశిక్షణ గురించి గట్టిగా చెప్పేది. జ్వరం రావాలనుకుంటే రెండు వారాల ముందు పోర్టల్‌లో పెట్టి, మేనేజర్ అప్రూవల్ తీసుకుని, అప్పుడు తెచ్చుకోవాలి. పళ్లు రావడం, మెట్ల మీద పడటం, అర్ధరాత్రి లేచి ఊరికే నవ్వడం లాంటివన్నీ శని, ఆదివారాల్లో పెట్టుకోవాలి. ఇంత చిన్న వయసులో అలవాటు చేసుకోకపోతే రేపు ఆఫీసులో ఎలా నెగ్గుకొస్తారు?

ఇంతా చేసి, ఒక శుభ దినాన, మనిషి దొరుకుతుంది. నెమ్మదస్తురాలు, పిల్లాడు ఆమె దగ్గరికి ఏడవకుండా వెళ్లాడు, ఏడున్నరకి వస్తానంది, సాయంత్రం ఏడున్నరదాకా కూడా ఉంటానంది. మీరు నమ్మలేక రెండోసారి అడుగుతారు. ఉంటాను మేడం అంటుంది. ఆ ఆనందంలో మీరు అడగడం మర్చిపోయే ప్రశ్న ఒకటుంది. ఆమెకీ ఒక మూడేళ్ల పాప ఉంది. పొద్దున్న ఏడున్నర నుంచి రాత్రి ఏడున్నరదాకా ఆ పాపని ఎవరు చూస్తారు?

ఇంగ్లండ్‌లో ఇంటి దగ్గర పిల్లల్ని చూసుకునేవాళ్లకి ఒక నిబంధన ఉంది. మామూలుగా ఒక్కరే అయితే ఎనిమిదేళ్ల లోపు పిల్లలు ఆరుగురికి మించకూడదు, ఆ ఆరుగురి లెక్కలో చూసుకునే మనిషి సొంత పిల్లలు కూడా వస్తారు. అంటే అక్కడ కనీసం కాగితం మీద ఆమెకీ పిల్లలుంటారని ఒప్పుకున్నారు. మన ఇళ్లలో అయితే ఆయా అంటే పిల్లల్ని ప్రేమించే గుణంతో, సొంత పిల్లలు మాత్రం లేకుండా, నేరుగా మన గేటు దగ్గర ప్రత్యక్షమైన మనిషి. మా పాపకి జ్వరంగా ఉంది మేడం, రేపు రాలేను అంటే, వీళ్లంతా ఇంతే అని మనం మొహం మాడ్చుకుంటాం. మన మేనేజర్ పొద్దున మనకి ఏ మొహం చూపించాడో అచ్చం అదే మొహం.

ఆ మూడేళ్ల పాప సంగతి కనుక్కున్నాను. వాళ్ల అమ్మమ్మ చూసుకుంటుందట. అంటే కంపెనీ నడవాలంటే మనం ఆఫీసులో ఉండాలి, మనం ఆఫీసులో ఉండాలంటే ఆమె మన ఇంట్లో ఉండాలి, ఆమె మన ఇంట్లో ఉండాలంటే ఆ పెద్దావిడ ఆ ఇంట్లో ఉండాలి. ఆవిడకి లాగిన్ లేదు, జీతం లేదు, క్యాజువల్ లీవ్ లేదు, ఎవరి వార్షిక నివేదికలోనూ పేరు లేదు. ఈమధ్య ఆవిడకి మోకాలి నొప్పి ఎక్కువైంది, వచ్చే నెలలో ఆపరేషన్ చేయించాలంటున్నారు. సంబంధిత మేనేజర్లందరూ దయచేసి గమనించగలరు, వచ్చే నెల డెడ్‌లైన్లు ఇప్పుడే వెనక్కి జరుపుకుంటే మంచిది.