అరెకా పామ్‌కి జీతం ఎవరిస్తారు?

ఇంట్లో ఒక అరెకా పామ్ పెడితే చాలు ఆక్సిజన్ సంగతి అదే చూసుకుంటుందని ఎవరో ఫార్వార్డ్ చేశారు, మనం నమ్మేశాం, అప్పట్నుంచి ఆ మొక్క సోఫా పక్కన నిలబడి ఓవర్‌టైమ్ చేస్తూనే ఉంది. గాలి శుభ్రం చెయ్యాలి, పక్కింటివాళ్ళు తొంగిచూడకుండా అడ్డం నిలబడాలి, వీడియో కాల్‌లో మన వెనకాల పచ్చగా కనబడి మనం పద్ధతైన మనుషులమని సాక్ష్యం కూడా చెప్పాలి. ఇంత చాకిరీకి ఒక గ్లాసుడు నీళ్ళు, అదీ గుర్తుంటే.

2019లో ఇద్దరు పరిశోధకులు పాత ప్రయోగాలన్నీ కలిపి లెక్కేశారు. మామూలుగా ఇంట్లోకి వచ్చిపోయే గాలి విషవాయువుల్ని తీసేసినంతగా మొక్కలు తీసెయ్యాలంటే చదరపు మీటరు నేలకి 10 నుంచి 1000 మొక్కల దాకా కావాలట. ఏముంది, సోఫా అమ్మేసి మనం బయటికెళ్ళిపోతే సరి.

అన్నట్టు, మీరు తెచ్చుకున్నది ఒకే ఒక్క మొక్క కాదు. పిలకలేసుకుంటూ గుబురుగా పెరగడం దీని నైజమే కానీ అంతకాలం ఆగేదెవరు, అందుకే ఒకే కుండీలో బోలెడు విత్తనాలు వేసి పెంచేస్తారు, చూడ్డానికి నిండుగా ఉంటుంది, ఇంటికొచ్చాక వేర్లు కొట్టుకుని సన్నవి రెండు మూడు చస్తాయి, దిష్టి తగిలిందంటాం.

ఇక అసలు అన్యాయం కత్తెర దగ్గర. పొటాషియం తగ్గితే ఈ పామ్ ముసలి ఆకుల్లో దాచుకున్నది లాగి కొత్త ఆకుకి పెడుతుంది, అందుకే అడుగు ఆకు మీద నారింజ మచ్చలు పడి, చివర్లు మాడతాయి. అది ఇంకా డ్యూటీలో ఉన్న ఆకు! ఫోటోకి బాలేదని మనం టక్కున కోసేస్తాం, మొక్క పై ఆకులోంచి లాగుతుంది, అదీ పసుపెక్కుతుంది, అదీ కోస్తాం, చివరికి నెత్తిన నాలుగు మట్టలు మిగిలాక నర్సరీవాడు మోసం చేశాడని తీర్పిస్తాం.

దీని పుట్టిల్లు మడగాస్కర్. ప్రపంచంలో ఏ లాబీలో చూసినా ఉంటుంది గానీ సొంత అడవిలో మాత్రం ముప్పుకి దగ్గర్లో ఉందని, అంతరించిపోయే జీవుల లెక్క రాసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో ఎక్కింది. బదిలీ మీద వెళ్ళినవాళ్ళు వెనక్కి రాకపోతే ఇంతే మరి.

కాబట్టి యూనియన్ తరఫున డిమాండ్లు: కుండీ అడుగున చిల్లు, కిటికీ వెలుతురు, పొటాషియం ఉన్న ఎరువు, ఆకు పూర్తిగా ఎండేదాకా కత్తెరకి సెలవు. ఆక్సిజన్ ఫార్వార్డ్ పంపినవాళ్ళని ఓ వారం అదే మూలన నిలబెట్టాలి, నీళ్ళు గుర్తుంటే పోద్దాం.