అడవిని కాపాడింది భయమేనా?

"గుళ్ల చుట్టూ నాలుగు చెట్లు మిగిలాయంటే అది దేవుడంటే భయం, అంతే. అడవిని కాపాడేది చట్టం, సైన్సు. మతం కాదు." ఈ మాటను చాలామంది షేర్ చేస్తున్నారు. నాకు ఇది తప్పనిపిస్తుంది.

ముందు భయం సంగతి. 1730లో రాజస్థాన్ మార్వాడ్‌లోని ఖేజర్లీ అనే ఊరికి రాజుగారి మనుషులు గొడ్డళ్లతో వచ్చారు. కోట పనికి సున్నం కాల్చాలి, కట్టెలు కావాలి. అమృతాదేవి జమ్మి చెట్టును కావలించుకుని నిలబడింది. ఆమెతో కలిపి బిష్ణోయి అనే మతశాఖవాళ్లు 363 మంది ప్రాణాలిచ్చారని అక్కడివాళ్లు నేటికీ తలుచుకుంటారు. పచ్చని చెట్టు కొట్టకూడదన్నది వాళ్ల 29 నియమాల్లో ఒకటి. గొడ్డలికి మెడ అడ్డుపెట్టినవాళ్లది భయమా?

ఇక "నాలుగు చెట్లు". ఉత్తర ఇథియోపియాను ఉపగ్రహ చిత్రంలో చూడండి. ఎటు చూసినా ఎండిన పొలాలు, మధ్యమధ్య పచ్చని చుక్కలు. ఆ చుక్కల నడుమ చర్చిలు. బయటి అడవి సాగుకూ మేతకూ పోయింది. దేశీ చెట్ల విత్తనం చాలాచోట్ల ఈ చుక్కల్లోనే మిగిలింది. చిన్నవే, ఒప్పుకుంటాను. కానీ విత్తనమే లేకపోతే ఎంత డబ్బు పోసినా పాత అడవి తిరిగి రాదు.

సైన్సుకూ మతానికీ పడదన్న మాటకు జవాబూ అక్కడే ఉంది. పశువులు లోపలికొచ్చి మొలకలు మేసేస్తుంటే, పెద్ద చెట్ల కింద పిల్ల మొక్కలు లేకుండా పోయాయి. అలెమయెహు వాసీ, మెగ్ లోమన్ అనే శాస్త్రవేత్తలు చర్చి పూజారులతో కూర్చుని మాట్లాడారు. ఊరివాళ్లు తమ పొలాల్లో నాగలికి అడ్డుపడే రాళ్లనే ఏరి తెచ్చి అడవి చుట్టూ గోడ పేర్చారు. పొలమూ బాగుపడింది, గోడ లోపల మొలకలూ లేచాయి. పూజారి కలిసిరాకపోతే ఆ రాళ్లు మోయడానికి ఎవరొస్తారు?

చట్టం వద్దని నేననను. కెన్యా తీరంలో మిజికెండా ప్రజలు పవిత్రంగా చూసుకునే కాయా అడవుల్లో పాత కట్టుబాట్లు సడలాక నరుకుడు పెరిగింది. 1990ల నుంచి ప్రభుత్వం వాటిని రక్షిత స్థలాలుగా ప్రకటించింది, 2008లో యునెస్కో గుర్తించింది. కట్టుబాటు సడలితేనే కదా చట్టం అవసరమైంది!

దేవుడి పేరుతో అడవి కొట్టి రోడ్లూ సత్రాలూ కట్టిన చోట్లూ ఉన్నాయి. వాటిని వెనకేసుకురాను, నిలదీయాల్సిందే. ఆ పనీ భక్తులే చేయగలరు. థాయ్‌లాండ్‌లో 1980ల చివర్లో కొందరు బౌద్ధ భిక్షువులు అడవి చెట్లకు కాషాయ వస్త్రం చుట్టి దీక్ష ఇవ్వడం మొదలుపెట్టారు. చెట్టు కొట్టడానికి వచ్చే కూలీదీ అదే మతం. ఆ గుడ్డ చూశాక గొడ్డలెత్తడానికి అంత తేలిగ్గా చెయ్యి రాదు.