ప్యాకింగ్ మార్చమంటే ఎర్ర సిలికాన్ పూసి పంపిస్తారా?

ఈ రోజు ఉదయం బెంగళూరు మారతహళ్లిలో ఒక గ్యారేజీ ర్యాంపు కింద నిలబడి, నా కారు సైలెన్సర్ గొట్టాన్ని నా కళ్లతో నేను చూశాను. ఇంటికి వచ్చి మూడు గంటలైనా కోపం చల్లారలేదు. మూడు వారాల కిందట వేయించిన కొత్త గొట్టం. ఇంజను నుంచి దిగే మొదటి జాయింటు చుట్టూ కాటుక పూసినట్టు మసి. ఫ్లాంజ్ (రెండు గొట్టాలను నట్లతో కలిపే పళ్లెంలాంటి అంచు) మీద పూసిన ఎర్ర సిలికాన్ జిగురును గోటితో గీకితే పెచ్చులు పెచ్చులుగా రాలింది. మూడు నట్లలో ఒకటి వేళ్లతో తిప్పితే తిరిగింది. పానా అక్కర్లేదు, వేళ్లు చాలు!

"ఏమయ్యా, జాయింటు మధ్య కొత్త ప్యాకింగ్ (గాస్కెట్) వేయలేదా?" అని మెకానిక్‌ను అడిగాను. "పాతది బాగానే ఉంది సార్, దానికే సిలికాన్ పెట్టి బిగించాం. ఎగ్జాస్ట్ అన్నాక కొంచెం లీకు ఉంటుంది. పొగ ఎలాగూ బయటికే కదా పోవాలి?" అన్నాడు.

పొగ ఎలాగూ బయటికే కదా పోవాలి. ఈ మాటే ఉదయం నుంచి నా చెవుల్లో మోగుతోంది.

పోవాల్సింది బండి వెనక చివర నుంచి. నా కాళ్ల ముందు నుంచి కాదు. కారులోకి బయటి గాలి వచ్చే దారి ఎక్కడ ఉంటుంది? బోనెట్ వెనక, వైపర్ల కింద. కారు పరుగెత్తుతున్నంతసేపూ గాలి ఆ పొగను ఈడ్చుకుపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే అది బోనెట్ కిందే పైకి లేస్తుంది, ఏసీ పీల్చుకుంటుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇది కొత్త విషయమేమీ కాదు, బండ్లు బాగుచేసే ప్రతివాడికీ తెలిసి ఉండాల్సిన సంగతి.

పోయిన ఆదివారం అమ్మను అనంతపురం నుంచి తీసుకొచ్చాను. బాగేపల్లి టోలు దాటేవరకు కబుర్లు చెబుతూనే ఉంది. హెబ్బాళ దగ్గర ఊళ్లోకి దిగాక, అవుటర్ రింగ్ రోడ్డు మీద బండి కదలని ట్రాఫిక్‌లో, అద్దాలన్నీ మూసి ఏసీలో కూర్చున్నాక, "తల దిమ్ముగా ఉంది నాయనా, ఒకసారి కిటికీ దించు" అంది. పొద్దున సరిగ్గా తినలేదు, అందుకే అని నేను ఆమెనే కసిరాను. కిటికీ దించితే దుమ్ము వస్తుందన్నాను. అరవై ఎనిమిదేళ్ల మనిషి, ఇంకేమీ అనకుండా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆ మసి చూసిన క్షణం నుంచి నాకు ఆ కొంగే గుర్తొస్తోంది.

కొత్త ప్యాకింగ్ ఖరీదు ఎంత? రెండు వందల రూపాయలు. గొట్టానికి, సైలెన్సర్‌కు జె.సి. రోడ్డులో వేలు పోశాను. కంపెనీ గొట్టం తుప్పుపట్టి చిల్లు పడింది కాబట్టి, మళ్లీ తుప్పు పట్టకూడదని స్టెయిన్‌లెస్ స్టీలుది ఏరి కొన్నాను. బయటి సైలెన్సర్ అనగానే రాత్రి పన్నెండింటికి వీధులు దద్దరిల్లేలా తిరిగే కుర్రాళ్ల లెక్కలో నన్నూ వేసేస్తున్నారు మా అపార్ట్‌మెంటువాళ్లు. నాకు కావాల్సింది చప్పుడు కాదు, చప్పుడు లేకపోవడం. ఆ కుర్రాళ్ల కోసం మోటారు వాహనాల చట్టంలో 190(2) సెక్షన్ ఉంది, 10,000 రూపాయల వరకు జరిమానా ఉంది. వేయండి, నేనే చప్పట్లు కొడతాను.

ఒకసారి నలిగిన ప్యాకింగ్ మళ్లీ పనికిరాదు. దాని పనే రెండు ఫ్లాంజ్‌ల మధ్య నలిగి ఎత్తుపల్లాలు పూడ్చడం. విప్పి మళ్లీ బిగిస్తే అది పాత గీతల్లో కూర్చోదు. ఆ సందులో సిలికాన్ కుక్కితే ఏమవుతుంది? ఆ ఎర్రటిది మహా అయితే 300 డిగ్రీల ప్రాంతం వరకు ఓర్చుకుంటుంది. ఇంజను నుంచి వచ్చే వాయువు, బండి బరువు మీద ఉంటే, 700 డిగ్రీలు దాటుతుంది. ఇక నట్లు. మూడింటినీ వంతులవారీగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకదాన్ని పూర్తిగా బిగించేసి రెండోదాని దగ్గరికి వెళితే ఫ్లాంజ్ ఒకవైపు వాలిపోతుంది, కొత్త ప్యాకింగ్ వేసినా రెండోవైపు సందు మిగులుతుంది. నాలుగైదు సార్లు వేడెక్కి చల్లారాక మళ్లీ పానా పెట్టి చూడాలి. ఒక మీటరు స్టెయిన్‌లెస్ గొట్టం 300 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 5 మిల్లీమీటర్లు సాగుతుంది, మామూలు ఇనుము మూడున్నర. రెండిటినీ జోడించినచోట రోజూ ఆ లాగుడు ఉంటుంది. "వారం తర్వాత ఒకసారి తీసుకురండి సార్" అనడానికి నోరు ఎందుకు రాదు?

పెట్రోలు సంగతీ చెప్పాలి. పొగ ఒకే ధారగా రాదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య గొట్టం బయటి గాలిని లోపలికి లాగుతుంది. ఆ సందు, పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెన్సార్‌కు ముందు ఉంటే, ఇంజనుకు పెట్రోలు చాలడం లేదని అది పొరబడుతుంది, ఇంజను కంప్యూటర్ ఇంకా పెట్రోలు పోస్తుంది. లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే నా బండి 12కు ఎందుకు పడిపోయిందో ఇప్పుడు అర్థమైంది. పొద్దున చల్లటి ఇంజను తిప్పగానే టిక్కు టిక్కుమని వినిపించి, పది నిమిషాల్లో తగ్గిపోయే చప్పుడు ఏమిటో కూడా. లోహం వేడికి సాగి సందు మూసుకుంటోంది!

మధ్య జాయింటు ఇంకో ఘోరం. ఒక గొట్టం రెండోదాని లోపల కనీసం ఒకటిన్నర అంగుళమైనా కూర్చోవాలి. ఇక్కడ అంగుళం కూడా లేదు. దానికి యు ఆకారపు బోల్టు క్లాంపు వేసి, గొట్టం సొట్టపడేదాకా బిగించారు. సొట్టపడ్డ గొట్టం గుండ్రంగా మూసుకోదు, రేపు విప్పాలంటే కోయాలి. చుట్టూ సమంగా పట్టే వెడల్పాటి పట్టీ క్లాంపు ఎదురు దుకాణంలోనే దొరుకుతుంది. పైగా బోల్టు కొనలు నేలవైపు పెట్టారు.

నేలవైపు అంటే మా వీధి హంపు (స్పీడ్ బ్రేకర్) వైపు. రెండేళ్లుగా దాని గురించి మొత్తుకుంటున్నాను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి హంపు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మా వీధిలోది రెండడుగుల వెడల్పు లేదు, ఎత్తు జానెడు. తెల్ల గీత లేదు, రాత్రి దీపం లేదు. నలుగురు ఎక్కినప్పుడల్లా కారు కడుపు దానికి రాసుకుంటుంది. ఆ దెబ్బ తిన్నగా వెళ్లి ఆ బోల్టు కొనలకు తగిలి జాయింటును కుదుపుతోంది. మూడు సార్లు అర్జీ ఇచ్చాను. మూడోసారి వచ్చి దాని మీద ఇంకో తట్ట తారు పోసి వెళ్లారు. రోడ్డు వేసేవాడిదీ అదే మాట, గొట్టం బిగించేవాడిదీ అదే మాట: ఎలాగోలా నడుస్తోంది కదా సార్!

అమ్మ వచ్చే ఆదివారం అనంతపురం తిరిగి వెళ్లాలి. కొత్త ప్యాకింగ్, రెండు పట్టీ క్లాంపులు ఈ మధ్యాహ్నమే కొని తెచ్చాను, రేపు ఇంకొకచోట వేయిస్తున్నాను, పక్కన నిలబడి. శనివారం పొద్దున ఆరింటికి, ఇంజను చల్లగా ఉండగానే స్టార్ట్ చేసి, ప్రతి జాయింటు మీదా సబ్బునీళ్లు చల్లి చూస్తాను. ఒక్క బుడగ లేచినా అమ్మను రైలెక్కిస్తాను.